నేను కొట్టేసిన తొమ్మిది వాక్యాలు

నా చిన్నప్పుడు, పన్నెండేళ్ళ వయసులో, ఒక ఆదివారం పొద్దున మా ఊరి గుడిలో, అంటే మా చర్చిలో, నిలబడి ఒకామె సాక్ష్యాన్ని ఆమె తరఫున చదివాను. చాలా బాగా చదివానని అందరూ మెచ్చుకున్నారు. ఆమె చెప్పిన తొమ్మిది వాక్యాలు ఆ కాగితంలో లేవన్న సంగతి నాకొక్కడికే తెలుసు. కొట్టేసింది నేనే. ఆమె ఆ రోజు సాక్ష్యం చెప్పాలనుకున్నదే ఆ తొమ్మిది వాక్యాల కోసమని అప్పటికి నాకు తెలియదు. తెలిశాక కూడా చాలా రోజులు నోరు విప్పలేదు. మొదటిది తెలివితక్కువతనం, రెండోది తప్పు. రెంటినీ కలిపి చిన్నతనం అనేసి తప్పించుకోవడం ఈ వయసులో నాకు ఇష్టం లేదు.

మా ఊరు నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, పెద్దరోడ్డు నుంచి లోపలికి మూడు కిలోమీటర్లు. మా నాన్న ఊరి బడిలో పంతులు. పక్కింట్లో ఒకామె ఒంటరిగా ఉండేది. చుట్టరికం ఏమీ లేకపోయినా మా అమ్మకన్నా పెద్దది కాబట్టి పెద్దమ్మ అనేవాణ్ణి. భర్త చాలా ముందే పోయాడు. ఆమె చేయని కూలిపని ఆ చుట్టుపక్కల లేదు. మిరపతోటల్లో కాయ కోసింది, పత్తి తీసింది, ఇటుకబట్టీలో మట్టి తొక్కింది, జగ్గయ్యపేట దగ్గర క్వారీలో రాళ్ళు మోసింది, నందిగామలో ఒక ఆస్పత్రిలో ఆయాగా చేసింది, ఒక హాస్టల్లో వంట చేసింది. చివరికి మళ్ళీ మిరపతోటలకే వచ్చింది.

గుడిలో పాటలకీ ప్రసంగానికీ మధ్య ఎవరైనా లేచి తమ బతుకులో దేవుడు చేసిన మేలు చెప్పుకోవడాన్ని సాక్ష్యం అంటాం. మామూలుగా అది రెండు నిమిషాల పని. జ్వరం తగ్గింది, పిల్లవాడు పాసయ్యాడు, బర్రె క్షేమంగా ఈనింది, స్తోత్రం, అని కూర్చుంటారు. పెద్దమ్మ లేచిందంటే అరగంట. తను చేసిన పనులన్నీ వరసగా చెప్పుకొచ్చేది. ఏ పనిలో ఎవరు తోడున్నారో, ఏ మేస్త్రీ మంచివాడో, ఏ హాస్టల్లో పిల్లలు ఏ కూర తినేవాళ్ళు కాదో అన్నీ చెప్పేది. మధ్యలో ఏడ్చేది. ఎక్కడో మొదలుపెట్టిన మాట ఎక్కడో వదిలేసేది. పిల్లలం వెనక చాపల మీద కూర్చుని వేళ్ళు మడిచి ఆ పనుల్ని లెక్కపెడుతూ ఉండేవాళ్ళం. ఇటుకబట్టీ అయిపోయింది, ఇంక క్వారీ, ఆ తరవాత ఆస్పత్రి, ఇంకో పావుగంట పడుతుంది, అని గుసగుసలాడుకునేవాళ్ళం. ఆమెని అనుకరించి చూపించడంలో నన్ను మించినవాడు లేడు. ఆ సంగతి ఆమెకి తెలుసని నాకు తరవాతెప్పుడో తెలిసింది.

ఆ ఏడాది మా సంఘం వార్షికోత్సవానికి బయటి నుంచి పెద్దలు వస్తున్నారు. సమయం తక్కువని పాస్టరు అయ్యగారు ఒక నియమం పెట్టారు. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఒక్క పేజీలో రాయించుకుని రావాలి, రాసింది చదివి కూర్చోవాలి. అయ్యగారు ఎవరి పేరూ అనలేదు గానీ, అది ఎవరి కోసమో అందరికీ అర్థమైంది. పెద్దమ్మకీ అర్థమైంది. ఆమెకి చదువు రాదు. బడిలో వ్యాసాలకి బహుమతులు తెచ్చుకునే పంతులుగారబ్బాయి పక్కింట్లోనే ఉన్నాడు. నన్నే రాయమంది, చదివేది కూడా నన్నే చదవమంది.

మూడు సాయంత్రాలు మా వసారాలో కూర్చుని చెప్పింది. రఫ్ నోట్సులో అంతా రాసుకున్నాను. పదకొండు పేజీలు వచ్చాయి. దాన్ని ఒక పేజీకి దించాలి. నాకు భలే ఉత్సాహంగా అనిపించింది. మంచి మాటలు ఉంచాను, మామూలు మాటలు తీసేశాను. పనులన్నింటినీ ఒక్క వాక్యంలోకి కుదించాను. అలా కుదిస్తూ పోతే క్వారీ దగ్గర తొమ్మిది వాక్యాలు అడ్డం వచ్చాయి. వాటిలో ఒక ఇంటి గొడవ ఉంది, ఒక చావు ఉంది, ఒకామె కడుపుతో ఉండడం గురించిన మాట ఉంది. బయటి పెద్దల ముందు, ఆడవాళ్ళందరి ముందు ఆ మాట నా నోటితో చదవడం సిగ్గనిపించింది. ఇంటి గొడవలు గుడిలో బాగుండవని కూడా అనుకున్నాను. పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీశాను. ఆమెని అడగాలని నాకు తోచనే లేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. పెద్దమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుంది. నా పేరు పిలవగానే ఆమె కూడా లేచి నా పక్కన నిలబడింది. నేను చదువుతుంటే ఆమె జనం వైపు చూస్తోందనుకున్నాను. నిజానికి చూస్తున్నది ఒక్క మనిషి వైపు; ధ్యాసంతా అక్కడే ఉండి నేను చదివేది ఆమె చెవికెక్కలేదు. తలుపు దగ్గర చివరి చాప మీద, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, మా ఊరిది కాని ఒకావిడ కూర్చుని ఉంది. నేను చదవడం అయిపోయింది. అందరూ స్తోత్రం అన్నారు. బయటి నుంచి వచ్చిన పెద్దాయన నా భుజం తట్టారు.

ఆరాధన తరవాత ప్రేమవిందు, అంటే అందరికీ గుడి దగ్గరే భోజనాలు. విస్తళ్ళు వేస్తుండగా ఆ చేతిసంచి ఆవిడ లేచి, చెప్పులేసుకుని, తినకుండానే రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయింది. పెద్దమ్మ చేతిలో అన్నం గిన్నె పట్టుకుని అలాగే చూసింది. కాసేపటికి నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"అంతా చదివావా నాన్నా?"

"చదివా పెద్దమ్మా."

అయితే సరే, అని గిన్నె తీసుకుని వడ్డనకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ మా అమ్మతో చెప్పుకుంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. ఆ వచ్చినావిడ పెద్దమ్మ తోడికోడలు. చందర్లపాడులో ఉంటుంది. ఇద్దరికీ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. ముసలి అత్తని ఎవరింట్లో ఉంచుకోవాలన్న దగ్గర మాటామాటా వచ్చి, ఆ కోపం మీద, అత్త చనిపోయినప్పుడు పెద్దమ్మ చందర్లపాడుకి కబురు పంపలేదు. తోడికోడలు ఎవరి ద్వారానో తెలుసుకుని వచ్చేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. సమాధి దగ్గర కూర్చుని, ఆఖరిసారి ముఖం కూడా చూడనివ్వలేదని ఏడిస్తే, ఉన్నప్పుడు చూడని ముఖం ఇప్పుడెందుకని పెద్దమ్మ పదిమందిలో అంది. ఆ మాటే ఇప్పుడు పదిమందిలో వెనక్కి తీసుకోవాలనుకుంది. రమ్మని ముందుగా కబురు పెట్టింది. గుడిలో నీతో ఒక మాట చెప్పాల్సి ఉంది, వచ్చి విను, అని.

"వచ్చింది, విన్నది, ఒక్క మాట లేకుండా లేచిపోయింది. ఇంక దాని మనసులో నేను లేను," అంది పెద్దమ్మ. మా అమ్మ ఏదో ఊరడించింది.

నేను గోడ ఇవతలే కూర్చుండిపోయాను. అప్పుడే లేచి వెళ్ళి చెప్పి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. చెప్పలేదు. నాన్న కొడతాడన్న భయం కొంత. అంతకన్నా, భుజం తట్టించుకున్నవాణ్ణి, అదంతా పోతుందన్న బాధ ఎక్కువ. ఈ రెండో కారణాన్ని నేను ఎవరికీ చెప్పకుండా చాలా ఏళ్ళు దాచుకున్నాను.

తరవాతి వారం నుంచి పెద్దమ్మ సాక్ష్యం చెప్పడం మానేసింది. అయ్యగారే అడిగితే, చెప్పాల్సింది చెప్పేశానండి, ఇంకేం లేదు, అంది. వెనక చాపల మీద మాకు వేళ్ళు మడిచి లెక్కపెట్టడానికి పనులు లేకుండా పోయాయి. తోటిపిల్లలు నన్ను ఆమెలా చేసి చూపించమంటే చేతకాలేదు.

నెల దాటింది. మిరపకాయలు కల్లాల్లోకి వచ్చాయి. బడి సెలవు రోజుల్లో పిల్లలం కూడా తాలు ఏరడానికి వెళ్ళేవాళ్ళం. ఎండిన కాయల్లో రంగు పోయి తెల్లబడినవాటిని తాలు అంటారు. ఎర్రకాయ ఒకవైపు, తాలు ఒకవైపు. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకి కట్టుకుని వరసగా కూర్చుంటారు. ఘాటుకి ఒకరు తుమ్మితే వరసంతా తుమ్ముతుంది. ఆ రోజు పెద్దమ్మ నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను తొందర తొందరగా ఏరుతున్నాను. కాసేపు చూసి, నేను పక్కన పెట్టిన తాలు కుప్పలోంచి ఒక కాయ తీసింది.

"ఇదెందుకు తీసేశావు?"

"మచ్చ ఉంది పెద్దమ్మా."

"మచ్చ తొడిమ దగ్గర. కాయ బాగానే ఉంది చూడు."

ఇంకోటి తీసింది, ఇంకోటి తీసింది. కోపంగా కాదు, పని నేర్పే మనిషి తీసినట్టే తీసింది. తాలు అన్నా పారేసేది కాదురా, దాని బస్తా దానికుంటుంది, కానీ ఇవి తాలు కూడా కాదు, నువ్వు చూడకుండా తీసేస్తున్నావు, అంది. ఆమె మాట్లాడింది కాయల గురించే. ఆమెకి నా సంగతి ఏమీ తెలియదు. కానీ నాకు ఏడుపొచ్చింది. ఘాటుకేమో అనుకుని ఆ చేతులతో కళ్ళు నలపకు, ఇంకా మండుతాయి, అంది. అప్పుడు చెప్పేశాను. తొమ్మిది వాక్యాలు కొట్టేశాననీ, అంతా చదివానని అబద్ధం చెప్పాననీ, ఆమె తోడికోడలు, చందర్లపాడు చిన్నమ్మ, ఆ మాటలు విననే లేదనీ.

పెద్దమ్మ ఏరడం ఆపలేదు. చేటలో ఉన్నవి అయిపోయేదాకా ఏరింది. తిడుతుందని చూస్తున్నాను. తలెత్తినప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు. ఎవరో నెత్తి మీది బరువు దించినట్టుంది.

"అయితే అది వినలేదన్నమాట," అంది.

ఆ మాటే రెండోసారి కూడా అంది. తరవాత నా వైపు తిరిగి, కబురు చేరకుండా చేయడమంటే ఏమిటో నాకు బాగా తెలుసురా, నేనూ చేశాను, నిన్ను కొట్టడానికి నాకు చెయ్యి రాదు, అంది. అయితే ఊరికే వదల్లేదు. ఆ కాగితం ఉందా అని అడిగింది. రఫ్ నోట్సు ఉందన్నాను. రేపు పొద్దున్నే తీసుకురా, చందర్లపాడు పోదాం, నేను రాయించింది నువ్వే చదవాలి, ఆ గీత ఎవరు గీశారో కూడా నువ్వే చెప్పాలి, అంది. అంతవరకూ నాన్నకి చెప్పనని మాటిచ్చింది. ఆ తరవాత చెప్పేది కూడా నువ్వేనంది.

మర్నాడు నందిగామలో బస్సు మారాం. దారిలో నేను ఆమెని ఒకటడిగాను. చేసిన పనులన్నీ ప్రతిసారీ ఎందుకు చెప్తావు పెద్దమ్మా, అని. అది ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను.

"చేసేటప్పుడు ఏదీ ఎందుకో తెలియలేదురా. రాళ్ళు మోసేటప్పుడు ఇదేం బతుకు అనుకున్నా. ఆస్పత్రిలో చేరాక లేవలేని మనుషుల్ని లేపి కూర్చోబెట్టాల్సి వచ్చింది. నాకెవరూ నేర్పలేదు. బరువు ఎక్కడ పట్టుకోవాలో రాళ్ళే నేర్పినయ్. ముందు చేసింది ఎందుకో తర్వాతది చెప్తది. అందుకని ఒకటి వదిలేస్తే ఇంకోటి అర్థం కాదు నాకు. వినేవాళ్ళకి విసుగే, తెలుసు. నువ్వు ఎట్టా చేసి చూపిస్తావో కూడా తెలుసు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆమె నవ్వింది.

చందర్లపాడులో ఆ ఇంటికి కొంచెం ఇవతల ఒక కల్వర్టు ఉంది. పెద్దమ్మ దాని మీద కూర్చుండిపోయింది. నన్ను చూస్తే తలుపేసుకుంటుంది, నువ్వెళ్ళు, అంది. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న మనిషి చేతులు కొంగు చివరని మెలిపెడుతున్నాయి. ఆమె భయపడగలదని నాకు అప్పుడే తెలిసింది.

చిన్నమ్మ వాకిట్లో పత్తికట్టె విరిచి మోపు కడుతోంది. నన్ను గుర్తుపట్టింది. ఆ రోజు చదివిన పిల్లాడివి కదా, అంది. అవునన్నాను. చదవనిది కొంచెం ఉంది, వినాలి, అన్నాను. నోట్సు తెరిచి, గీత కిందున్న మాటలు చదివాను.

"జగ్గయ్యపేట దగ్గర క్వారీలో నా కాలి మీద రాయి పడింది. మేస్త్రీ బండి కోసం మనిషిని పంపి ఊరుకున్నాడు. నా తోడికోడలు ఊరుకోలేదు. నన్ను వీపున ఎత్తుకుని రోడ్డు దాకా నడిచింది. అప్పుడు ఆమెకి ఐదో నెల. అలాంటి మనిషికి, మా అత్త పోయినప్పుడు నేను కబురు పంపలేదు. ఆమె వచ్చి ఏడిస్తే పదిమందిలో అనరాని మాట అన్నాను. తప్పు నాది. పదిమందిలో అన్నాను కాబట్టి పదిమందిలోనే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

చిన్నమ్మ కట్టె విరవడం ఎక్కడ ఆపిందో నేను చూడలేదు. తలెత్తేసరికి మోపు మీద కూర్చుని ఉంది.

"ఐదో నెల కాదు, ఆరో నెల. దానికి ఏదీ సరిగ్గా గుర్తుండదు."

నేను పెన్సిలు తీసి ఐదు కొట్టేసి ఆరు అని రాశాను. ఆమె అది చూసింది.

"ఇదంతా ఆ రోజే రాసుందా?"

"రాసుంది చిన్నమ్మా. నేనే చదవలేదు. బాగుండదని కొట్టేశా."

"బాగుండదా? అంత దూరం మోశాను దాన్ని. ఏం బాగుండలేదు నీకు?"

ఆమె ఇంకోసారి చదవమంది. చదివాను. అప్పుడడిగింది, అదెక్కడుంది, అని. కల్వర్టు మీద కూర్చుందని చెప్పాను.

"ఈ ఎండలో కూర్చోబెట్టొచ్చావా? లోపల బిందె ఉంది, చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళు." నేను లోపలికి అడుగు వేశాను. "ఉండు. నేనే తీసుకెళ్తా."

చెంబు తీసుకుని ఆమె వెళ్ళడం వాకిట్లోంచి చూశాను. పెద్దమ్మ లేచి నిలబడింది. చెంబు అందించిన తరవాత కూడా ఇద్దరి మధ్యా కొంచెం దూరం ఉండిపోయింది. కావలించుకోవడాలు ఏమీ జరగలేదు. ఎనిమిదేళ్ళు ఒక చెంబుతో తీరేవి కావు. కానీ మధ్యాహ్నం అన్నం ముగ్గురం ఆ ఇంట్లోనే తిన్నాం. పప్పులో ఉప్పు తక్కువైందని పెద్దమ్మ అంటే, హాస్టల్లో వండిన చెయ్యి కదా, నీకెక్కడ నచ్చుతుందిలే, అని చిన్నమ్మ అంది. వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటున్నారని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

ఇంటికి వచ్చిన రాత్రే నాన్నకి చెప్పాను. ఆయన కొట్టలేదు. కానీ మరుసటి ఆదివారం గుడిలో నన్ను లేచి నిలబడమన్నారు. ఆ తొమ్మిది వాక్యాలూ అందరి ముందూ చదివాను, ఆరో నెలతో సహా. కొట్టేసింది నేనేననీ, అడిగితే అబద్ధం చెప్పాననీ చెప్పాను. ఈసారి ఎవరూ భుజం తట్టలేదు. నేను కూర్చున్నాక పెద్దమ్మ లేచి, తన పాత సాక్ష్యం ఇటుకబట్టీ నుంచి మొదలుపెట్టింది. అయ్యగారు గడియారం చూసుకుని ఊరుకున్నారు.

బాగుపడ్డానని చెప్పుకుందామంటే అదీ పూర్తిగా నిజం కాదు. పెద్దయ్యాక నా బతుకులోనూ అదే పెన్సిలు వాడాను. సిమెంటు ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమాస్తాగా చేశాను, అది పోయాక ఎరువుల కొట్లో తూకం వేశాను, ట్యూషన్లు చెప్పాను, నలభై దాటాక టీచరునయ్యాను, రిటైరయ్యాక గరికపాడు దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జిలో కొన్నాళ్ళు కూర్చున్నాను. నా పిల్లలకి మాత్రం టీచరు ఉద్యోగం గురించే చెప్పేవాణ్ణి. మిగిలినవన్నీ తాలు అని పక్కన పెట్టేశాను. లెక్కల్లో వెనకబడిన పిల్లలకి కాటా పెట్టి, బస్తాలు చూపించి పాఠం చెప్పడం నాకు ఎరువుల కొట్టే నేర్పిందని ఒప్పుకోవడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది. పెద్దమ్మ ఆ సంగతి బస్సులోనే చెప్పింది.

ఇప్పుడు నందిగామలో ఉంటున్నాను. మా సంఘంలో రాయడం రానివాళ్ళు, వచ్చినా చెయ్యి వణికేవాళ్ళు సాక్ష్యం రాయించుకోవడానికి శనివారం పూట మా ఇంటికి వస్తారు. మొన్న ఒక లారీ డ్రైవరు వచ్చాడు. ముప్పై ఏళ్ళు తిరిగిన రోడ్లన్నీ చెప్పాడు. పేజీలు ఎక్కువయ్యాయి, ఏమైనా తీసేయమంటారా మాస్టారూ, అని తనే అడిగాడు. వద్దన్నాను. రాసిందంతా ఒకసారి చదివి వినిపించి, ఎవరికి రాసినా ఆఖర్న అడిగే మాటే అతన్నీ అడిగాను: "రేపు ఇది వినడానికి ఎవరైనా వస్తున్నారా బాబూ?"

అతను లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. మా తమ్ముడు రావచ్చండి, అన్నాడు. అయితే అతని గురించి చెప్పిన చోటు ఇంకోసారి చదువుతాను, సరిగ్గా ఉందో లేదో చూడండి, అని ఆ పేజీ తీశాను.